అక్కడ పుస్తకం తీసేశారు, ఇక్కడ అర్థం తీసేశారు: ‘వాకీన్’ పక్కన ‘గబ్బిలం’

2012 జనవరిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరంలో బడి గదుల్లోంచి ఏడు పుస్తకాల్ని పెట్టెల్లో సర్ది గోదాముకు పంపేశారు. మెక్సికన్ అమెరికన్ పిల్లలకు తమ చరిత్రను, తమ సాహిత్యాన్ని చెప్పే తరగతుల్లో వాడిన పుస్తకాలవి. 2010లో ఆ రాష్ట్రం చేసిన ఒక చట్టం ఆ తరగతుల్నే మూయించింది. ఆ ఏడింటిలో పావ్లో ఫ్రెయిరే రాసిన ‘పీడితుల విద్యావిధానం’ ఉంది. రొడాల్ఫో ‘కోర్కీ’ గొంజాలెస్ రచనల సంపుటి ‘మెసేజ్ టు అజ్‌త్లాన్’ ఉంది. ఆ సంపుటిలోనే ‘నేను వాకీన్‌ని’ అనే దీర్ఘకవిత ఉంది. పిల్లలు, టీచర్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2017లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధం వెనక ఉన్నది జాతి వివక్షేనని తేల్చారు.

మన దగ్గర ‘గబ్బిలం’కు అంత గతి పట్టలేదు. గుర్రం జాషువా పద్యం పాఠ్యపుస్తకంలో ఉంది. సెప్టెంబరు 28న ప్రభుత్వం జయంతి చేస్తుంది, పూలదండ వేస్తుంది. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. అయినా ‘గబ్బిలం’ చదివి పరీక్ష రాసిన మన పిల్లల్ని ఆ కావ్యం దేని గురించి అని అడిగి చూడండి. “అంటరానివాడి దీనస్థితి గురించి, కరుణ రసం” అంటారు. హక్కు అనే మాట రాదు. గుడి, భూమి, కూడు అనే మాటలు రావు. అక్కడ పుస్తకం తీసేశారు. ఇక్కడ పుస్తకాన్ని ఉంచి అర్థాన్ని తీసేశారు. పోయినట్టు కూడా తెలియదు కాబట్టి ఈ రెండోదాని మీద కోర్టుకెళ్లడం కుదరదు.

మేం తోట్లవల్లూరు కేంద్రంగా ఈ రెండు దీర్ఘకవితల్నీ పక్కపక్కన పెట్టి చదువుతున్నాం. మేం అంటే ఇద్దరు పరిశోధక విద్యార్థులం, ఒక బడిపంతులు, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, పసుపు తవ్వకానికీ అరటి గెలల మోతకూ వెళ్లే మరో నలుగురు. మెక్సికన్ కవిత మనకెందుకు అని మమ్మల్ని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

వాకీన్ ఎవరు?

ముందు కవి గురించి. గొంజాలెస్ 1928లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే చక్కెర తీసే బీట్‌దుంప పొలాల్లో కూలికి వెళ్లాడు. తర్వాత పేరున్న బాక్సర్ అయ్యాడు. కొంతకాలం డెమొక్రాటిక్ పార్టీలో పనిచేశాడు. ఓట్లప్పుడు పిలిచి ఆ తర్వాత మరిచిపోయే తీరు చూసి బయటికొచ్చి, 1966లో ‘క్రూసేడ్ ఫర్ జస్టిస్’ అనే సంస్థ పెట్టాడు. 1967లో ఈ కవిత రాశాడు.

ఇప్పుడు చరిత్ర. 1846లో అమెరికా మెక్సికో మీద యుద్ధానికి వెళ్లింది. 1848లో గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో దాదాపు సగం భూభాగాన్ని పోగొట్టుకుంది. నేటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా మొత్తం, అరిజోనా, న్యూమెక్సికో, కొలరాడోల్లో చాలా భాగం అలా అమెరికా చేతికొచ్చాయి. అక్కడున్న మెక్సికన్లు ఇల్లు కదలకుండానే పరాయి దేశస్థులయ్యారు. మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది అని వాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్ల ఆస్తికి ఒప్పందం పూచీ ఇచ్చింది. కానీ కాగితాలు, సర్వేలు, తెలియని భాషలో నడిచే కోర్టుల మధ్య భూములు చేజారాయి. భూమి పోయినవాళ్లు అదే భూమిలో కూలీలయ్యారు. 1942 నుంచి 1964 దాకా ‘బ్రసేరో’ పథకం కింద మెక్సికో నుంచి లక్షలమందిని ఒప్పంద కూలీలుగా తెచ్చుకున్నారు. పంటకు చేతులు కావాలి, ఆ చేతులున్న మనిషి మాత్రం అక్కర్లేదు.

1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె కట్టారు. ముందు దిగింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు. కొద్ది రోజులకే సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్తా నడిపే మెక్సికన్ కూలీల సంఘం కలిసింది. సమ్మె శిబిరాల్లోనే లూయిస్ వాల్దెజ్ ‘తియాత్రో కంపెసీనో’ అనే నాటక బృందాన్ని మొదలుపెట్టాడు. పేరుకు అర్థం రైతుకూలీల నాటకరంగం. ట్రక్కు వెనక భాగమే వాళ్లకు రంగస్థలం.

‘వాకీన్’ ఈ గాలిలో పుట్టిన కవిత. కథానాయకుడికి ఒక ఊరు, ఒక ఇల్లు అంటూ లేవు. తెల్లవాళ్ల యంత్ర నాగరికతలో దారి తప్పినవాడిగా మొదలవుతాడు. వాడి ముందు రెండు దారులున్నాయి. కడుపు నింపుకుని తనెవరో మరిచిపోవడం ఒకటి, ఆకలితోనైనా తనవాళ్లలోకి తిరిగి వెళ్లడం రెండోది. వాడు వెనక్కి నడుస్తాడు, అంటే చరిత్రలోకి. అక్కడ అజ్‌టెక్ రాజు క్వాతెమోక్ తానే, అతన్ని చంపించిన స్పెయిన్ దండనాయకుడు కోర్తెస్ కూడా తానే అంటాడు. 1810లో తిరుగుబాటు మొదలెట్టిన ఫాదర్ హిదాల్గో, దేశాధ్యక్షుడైన ఆదివాసీ హువారెస్, భూమి కోసం పోరాడిన జపాటా, పాంచో వియా అందరూ వాడిలోనే ఉన్నారు. కాలిఫోర్నియా బంగారు గనుల కాలంలో అన్యాయానికి ఎదురుతిరిగిన బందిపోటుగా జనం చెప్పుకునే వాకీన్ మురియెటా కూడా ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా జెండా కింద చచ్చిపోయిన మెక్సికన్ కుర్రాళ్లు కూడా వాడే. కవిత చివర్లో, తాను కరిగిపోయే రకం కాదని, నిలిచే ఉంటానని చెబుతాడు.

దీన్ని ఇతిహాస కావ్యం అనడానికి కారణం ఈ పొడవాటి కాలమే. మామూలుగా ఇతిహాసానికి రాజు నాయకుడు. ఇక్కడ కూలివాడే తన జాతి కథ మొత్తాన్ని ఒంటిమీద వేసుకుని నిలబడతాడు.

ఆ కవిత ఎలా తిరిగిందన్నది కూడా చూడాలి. మొదట ఉద్యమకారులే అచ్చేసి పంచారు. సభల్లో నిలబడి గట్టిగా చదివారు. 1969లో వాల్దెజ్ దాన్ని చిన్న సినిమాగా తీశాడు. పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని పుస్తకంగా వేసింది 1972లో, అంటే జనం నోట పడ్డ అయిదేళ్లకు. ఆ సినిమాను 2010లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం జాబితాలో చేర్చారు. అదే సంవత్సరం అరిజోనా తన చట్టం చేసింది.

డెల్టాలో ఈ కవిత ఎందుకు అర్థమవుతుంది?

తోట్లవల్లూరు కృష్ణ ఎడమ గట్టున ఉంటుంది. కరకట్ట దిగితే లంకలు. చెరుకు, అరటి, పసుపు, కంద పండే నేల. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకు కాలవ నీళ్లొచ్చాయి. నీళ్లు రాగానే భూమి విలువ పెరిగింది. పెరిగిన విలువ ఎవరి పట్టాలో ఉందో, కాలవ పూడిక తీసిన చేతులు ఎవరివో గుడివాడ నుంచి దివిసీమ దాకా ఏ పల్లెలో అడిగినా చెబుతారు. కాలిఫోర్నియా లోయ కూడా కాలవ నీళ్లతో పచ్చబడ్డదే. అక్కడా నీళ్లు ఒకరి పొలానికి, చెమట ఇంకొకరి ఒంటికి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు లంక పొలాలు మునిగాయి. అరటి పడిపోయింది, పసుపు కుళ్లింది. ఇలాంటప్పుడల్లా ఒకే గొడవ. పంట పెట్టింది కౌలుదారు, కాగితం మీద ఉన్నది భూమి యజమాని. కౌలు గుర్తింపు కార్డు లేకపోతే పరిహారం పేరు ఎవరిదవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కౌలుకు చేసేవాళ్లలో, వాళ్ల దగ్గర కూలికి వెళ్లేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో కూడా చెప్పక్కర్లేదు. 1848 తర్వాత కాగితం లేక భూమి పోగొట్టుకున్నవాళ్ల కథ చదువుతుంటే మా బృందంలో ఎవరూ దాన్ని విదేశీ కథ అనుకోలేదు. “ఆళ్లకీ అడంగల్లో పేరు ఎక్కలేదన్నమాట” అన్నాడు మాలో పెద్దాయన.

గబ్బిలం ఒక అర్జీ

వాకీన్‌ని చదివిన కళ్లతో ‘గబ్బిలం’ దగ్గరికి వస్తే ఏం కనిపిస్తుంది?

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రిది యాదవ కులం, తల్లి మాదిగ. ఇల్లు క్రైస్తవం. రెండు కులాల కలయికలో పుట్టిన మనిషి, రెండు మతాల నడుమ మాటలు పడ్డ కవి. 1941లో ‘గబ్బిలం’ రాశారు. కాళిదాసు ‘మేఘదూతం’లో శాపం తగిలిన యక్షుడు మేఘం చేత భార్యకు కబురు పంపుతాడు. జాషువా ఆ సందేశకావ్యం పద్ధతిని తీసుకుని లోపలున్న మనుషుల్ని మార్చేశారు. యక్షుడి చోట ఒక అరుంధతీ సుతుడు, అంటే మాదిగ. మేఘం చోట గబ్బిలం. ప్రియురాలి చోట కాశీలో ఉండే శివుడు.

గబ్బిలమే ఎందుకు? అది పక్షుల్లోనూ చేరదు, జంతువుల్లోనూ చేరదు అని జనం అంటారు. ఇంట్లోకొస్తే అశుభమంటారు. కానీ గుడిలో, గర్భగుడి చీకట్లో దానికి చోటుంది. మనిషికి లేని ప్రవేశం దానికుంది. అందుకే ఆ పేదవాడు పూజారి లేని వేళ చూసి దేవుడి చెవిలో తన కథ చెప్పమని దాన్ని కోరతాడు. గబ్బిలం మీద కవికి ఉన్నది జాలి అనుకుంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ ఎంపికలో ఒక వాదన ఉంది. అశుభమైన జీవికి తెరుచుకున్న తలుపు, ఆ గుడికి ధాన్యం పండించినవాడికి ఎందుకు మూసుకుందని కవి అడుగుతున్నాడు.

మేం ఈ కావ్యాన్ని ఒక అర్జీలా విడదీసి చదివాం. మండలాఫీసులో అర్జీ పెట్టినవాళ్లకు దాని అంగాలు తెలుసు. అర్జీదారు ఎవరు? పేరు లేని ఒక శ్రామికుడు. ఫిర్యాదు ఏమిటి? తన రెక్కలు ఆడకపోతే పైరు పండదు, లోకానికి అన్నం పెట్టే తనకు మాత్రం తిండి లేదు. ఆధారాలేమిటి? విగ్రహాల పెళ్లిళ్లకు వేలు ఖర్చుపెట్టే దేశం ఆకలితో ఉన్నవాడి గిన్నెలో మెతుకు వేయకపోవడం, కులాన్ని పడగలెత్తిన పాములా పెంచి పోషించడం. అవతలివాళ్లు చెప్పబోయే సాకు ఏమిటి? కర్మ. పూర్వజన్మలో చేసుకున్నావు గనక అనుభవించు అనే ఆ సాకును కావ్యం ముందే ఎత్తి ప్రశ్నిస్తుంది. అర్జీ చేరాల్సింది ఎవరికి? అందరికన్నా పైవాడికి.

ఇక్కడే మా పెద్దమ్మ ఒకామె అడిగింది: “గబ్బిలానికి చెప్పే బదులు ఊళ్లో మునసబుకి చెప్పొచ్చుగా?” అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్నలోనే కావ్యం తాళం చెవి ఉంది. కింద ఉన్న తలుపులన్నీ మూసేశాక మిగిలిన తలుపు అది. ఊళ్లో మునసబు వినడు, కచేరీ వరండా ఎక్కనివ్వరు, గుడిలోకి రానివ్వరు. అర్జీ పైకి వెళ్లిందంటే మధ్యలో ఉన్న ప్రతి అంచె మీదా అది ఫిర్యాదే.

గబ్బిలం దారి కూడా గమనించాలి. దక్షిణాది నుంచి కాశీ దాకా అది ఎగిరే దారిలో తెలుగు నేల చరిత్ర, ఊళ్లు, నదులు, వీరుల గుర్తులు వస్తాయి. వాకీన్ కాలంలోకి నడిచినట్టు ఈ శ్రామికుడి కబురు నేల మీదుగా నడుస్తుంది. ఈ చరిత్ర నాదీ అని ఇద్దరూ అంటున్నారు. బహిష్కరించినవాడి నోటితోనే దేశాన్ని వర్ణింపజేయడం దయ అడుక్కోవడం కాదు, వాటా అడగడం.

మూసిన గుడి, మార్చుకున్న పేరు

ఇదంతా కవి ఊహ అనుకునేవాళ్లకు ఒక సంగతి. 1917 నవంబరులో బెజవాడలో దళితుల మహాసభ జరిగింది. దాని ఏర్పాట్లలో ముందున్నది గుడివాడలో సేవాశ్రమం పెట్టి దళిత పిల్లలకు చదువు చెప్పించిన గూడూరు రామచంద్రరావు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. అంటరానివాళ్లు కొండెక్కి లోపలికి వస్తారన్న భయంతో కనకదుర్గ గుడిని ఆ మూడు రోజులూ మూసేశారు. జాషువా గబ్బిలాన్ని పంపించింది దీని తర్వాత ఇరవై నాలుగేళ్లకు.

‘పంచమ’ అనే పేరుతో పిలిచిన ఆ సభ ‘ఆది ఆంధ్ర’ సభగా మారింది కూడా అక్కడే. నాలుగు వర్ణాల లెక్కలో అయిదోవాడిగా మిగలడం మాకొద్దు, ఈ నేల మీద మొదటివాళ్లం మేమే అని భాగ్యరెడ్డి వర్మ వాదించారు. 1921లో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ రాశారు. తెల్లదొర పోతే సరిపోతుందా అన్న ప్రశ్నను జాతీయోద్యమం ముందు పెట్టారు.

మెక్సికన్ అమెరికన్ల కథలో ఇదే మలుపు కనిపిస్తుంది. ‘చికానో’ అనే మాటను మొదట చులకనగా వాడేవారు. 1960ల్లో యువకులు ఆ మాటనే ఎత్తి జెండా చేసుకున్నారు. 1969 మార్చిలో గొంజాలెస్ డెన్వర్‌లో జరిపిన యువజన సదస్సు పోయిన తమ నేలను ‘అజ్‌త్లాన్’ అని పిలిచింది. అజ్‌టెక్‌లు తమ పూర్వీకుల నేలకు పెట్టుకున్న పేరది. ఆది ఆంధ్ర, అజ్‌త్లాన్ రెండూ ఒకే అవసరం నుంచి వచ్చాయి. ఇతరులు పెట్టిన పేరుతో పిలిపించుకున్నంత కాలం ఇతరులు రాసిన కథలోనే ఉంటాం.

‘వాడు’ నుంచి ‘నేను’ దాకా

రెండు కవితల మధ్య తేడా కూడా ఉంది. దాన్ని దాచకూడదు.

వాకీన్ మొదటి మాటే ‘నేను’. తన పేరు చెప్పుకుని మొదలుపెడతాడు. జాషువా నాయకుడికి పేరు లేదు. అతన్ని మొదట కవే మనకు చూపిస్తాడు, తర్వాతే అతను గబ్బిలంతో మాట్లాడతాడు. వాకీన్ తనవాళ్లతో మాట్లాడుతున్నాడు. జాషువా నాయకుడు దేవుడికి చెబుతున్నాడు, పక్కన నిలబడి వింటున్నది పద్యం చదవగలిగిన పై కులాల పాఠకులు. 1941లో తెలుగు అచ్చుపుస్తకం ఎవరింట్లో ఉండేదో తెలిసిందే. జాషువా వాళ్ల ఛందస్సులో, వాళ్ల కావ్యమర్యాదలో, వాళ్ల దేవుడి పేరుతోనే వాళ్లను నిలదీశారు. ఆ పద్ధతికి బలం ఉంది, హద్దు కూడా ఉంది. పద్యం బాగుందని మెచ్చుకుని ప్రశ్నను పక్కన పెట్టేసే వీలు అలాంటి పాఠకుడికి దొరికింది. కరుణ రసం అనే ముద్ర అక్కడ నుంచే వచ్చింది.

మరి మనలో వాకీన్ లాంటి ‘నేను’ ఎప్పుడొచ్చాడు? గొంజాలెస్ కవిత వచ్చిన మరుసటి ఏడాది, 1968 ఫిబ్రవరిలో, అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి కట్టేసి తగలబెట్టారు. అదే ఏడాది డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీలవెన్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చేశారు. 1985 జులై 17న కారంచేడు. 1987లో నీరుకొండ. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ వరస తర్వాత కలేకూరి ప్రసాద్ ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ రాశాడు. ఆయనదీ కంచికచర్లే. ఆ కవితలో మాట్లాడే ‘నేను’ వేల ఏళ్లుగా చంపబడుతూ మళ్లీ మళ్లీ పుట్టేవాడు. కోటేశు పేరును తన పేరుగా చెప్పుకుంటాడు. ఊచకోత జరిగిన ఊళ్లను పుట్టిన ఊళ్లుగా చెప్పుకుంటాడు. ఒక్కడి గొంతులో జాతి చరిత్ర మొత్తం పలికే ఆ తీరు వాకీన్‌కి ఎంత దగ్గరో చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఒకరిది చూసి ఇంకొకరు రాశారని మేం అనడం లేదు. చరిత్రలో చోటు లేని జనానికి ఒక మనిషి ఆయుష్షు చాలదు. అందుకే అలాంటి ‘నేను’కి అన్ని జన్మలు కావాలి.

జాషువా ‘వాడు’, కలేకూరి ‘నేను’ మధ్య యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో పల్లెల్లో బడి వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, అంబేద్కర్ పుస్తకం వచ్చింది, సంఘం వచ్చింది. అర్జీ పెట్టినవాడే ఇప్పుడు వాంగ్మూలం ఇస్తున్నాడు.

ఈ ‘నేను’లో ఎవరు లేరు?

ఒక పెద్ద గొంతు అందరి తరఫునా మాట్లాడితే కొన్ని గొంతులు దాని కింద పడిపోతాయి. వాకీన్ కవితలో వీరులంతా దాదాపు మగవాళ్లే. స్త్రీ నల్లశాలువా కప్పుకుని దుఃఖించే తల్లిగా, ఓపికకూ విశ్వాసానికీ గుర్తుగా కనిపిస్తుంది. సమ్మె నడిపిన డొలోరెస్ వెర్తా లాంటి మనిషికి అక్కడ చోటు లేదు. చికానా స్త్రీవాదులు దీన్ని అప్పుడే ఎత్తి చూపించారు.

మనకూ ఆ ప్రశ్న వచ్చింది. దళిత స్త్రీలు ఆ ‘నేను’ను మళ్లీ రాశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. చల్లపల్లి స్వరూపరాణి ‘మంకెనపువ్వు’ కవితలు వచ్చాయి. ఊళ్లో కులం, ఇంట్లో మగాడు అనే రెండు బరువుల లెక్క వాళ్లు చెప్పాకే పూర్తయింది. మా బృందంలో అరటి గెలలు మోసే అక్క అన్నమాట ఇది: “కూలిలో మగాళ్లకి ఒక రేటు, మాకో రేటు. ఆ సంగతి గబ్బిలానికి ఎవరూ చెప్పలా.”

రెండోది ఉపకులాల సంగతి. జాషువా నాయకుణ్ణి అరుంధతీ సుతుడు అన్నారు. పాఠం చెప్పేటప్పుడు ఆ మాట జారిపోయి ‘ఒక దళితుడు’ మిగులుతాడు. 1994లో ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక, 1998లో ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ ఆ జారిపోయిన పేరును మళ్లీ ముందుకు తెచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాష్ట్రాల చేతుల్లో ఉందని చెప్పాక మాల, మాదిగ పల్లెల మధ్య మాటలు ఎంత పెళుసుగా ఉన్నాయో మనకు తెలుసు. మా బృందంలో రెండు పల్లెల వాళ్లూ ఉన్నారు. అన్నిటిలో ఒకే మాట మీద లేం. అయితే జాషువా వాడిన పేరును వాడినట్టే చదవాలన్న దాంట్లో తేడా రాలేదు. పేరు దాచి తెచ్చుకున్న ఐక్యత ఎక్కువ రోజులు నిలవదు.

ఎలా చదవాలి?

కాలేజీలో, సంఘం ఆఫీసులో, చర్చి వసారాలో, ఎక్కడైనా అయిదారుగురు కూర్చుని చదువుకోవచ్చు. మాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

మొదట గట్టిగా చదవండి. రెండూ చెవి కోసం రాసిన కవితలు. జాషువా పద్యాలు నాటక వేదికల మీద రాగాలతో జనంలోకి వెళ్లాయి. ‘శ్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో పాడుతుంటే అక్షరం రానివాళ్లు కూడా నేర్చుకున్నారు. పద్యం కష్టమని భయపడేవాళ్లకు పాడి వినిపిస్తే సగం అర్థం అక్కడే తెలుస్తుంది.

తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఏం అడుగుతున్నారు? ఎవర్ని వదిలేశారు? రసం, అలంకారం, ఛందస్సు తర్వాత చూసుకోవచ్చు. అవి అక్కర్లేదని కాదు. జాషువా పద్యం మీద ఎంత అధికారం సాధించారో తెలిస్తేనే, పద్యం మీ సొత్తు కాదని ఆయన చేతల్లో ఎలా చూపించారో తెలుస్తుంది.

ఆ పైన కవిత చెప్పిన ప్రతి ఫిర్యాదు పక్కనా మీ ఊరి సంగతి ఒకటి రాయండి. గుడి దగ్గర ఏం జరుగుతోంది? శ్మశానానికి దారి ఉందా? ఎసైన్డ్ భూమి ఎవరి సాగులో ఉంది? కూలి రేటు ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత? తోట్లవల్లూరు మండలం ఉన్న పామర్రు నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. ఎమ్మెల్యే సీటు దొరికినంత మాత్రాన వీటిలో ఎన్ని తీరాయో పక్కనే రాసుకోవచ్చు. అలా రాసిన కాగితం చివరికి సాహిత్య వ్యాసంగానూ పనికొస్తుంది, అర్జీగానూ పనికొస్తుంది.

టూసాన్ టీచర్లు పిల్లలకు చెప్పింది కూడా ఇదే: కవితలో ఉన్నది మీరే, దాన్ని పట్టుకుని మీ ఊరిని చూడండి. అధికారం భయపడింది ఆ చూపుకి. పుస్తకాన్ని అటక మీద ఉంచినా, దండ వేసి గోడకు తగిలించినా ఎవరికీ భయం లేదు.

ఈసారి పరీక్షలో ‘గబ్బిలంలోని కరుణ రసాన్ని వివరించండి’ అన్న ప్రశ్న వస్తే మన పిల్లలు జవాబు రాయాల్సిందే, మార్కులు తెచ్చుకోవాల్సిందే. ఆ జవాబులో ఒక పేరా మాత్రం తమ మాటగా చేర్చమనండి: ఈ కావ్యంలో మనిషి జాలి అడగలేదు. తను పండించిన అన్నంలో వాటా అడిగాడు, మూసిన తలుపు ఎందుకు మూశారని అడిగాడు. జవాబు ఇంకా రాలేదు.